మీటరు చూపని ఇనుము

హైదరాబాద్‌లోని మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలిలలో మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు సరిపోని అపార్ట్‌మెంట్లు వేసవి వస్తే బోర్ల మీద, ట్యాంకర్ల మీద ఆధారపడతాయి. ఆ నీళ్లు మంచివో కావో తేల్చడానికి చాలామంది నమ్ముకునేది జేబులో పట్టే టీడీఎస్ మీటరును. అంకె 500 లోపుంటే నిశ్చింత, దాటితే ఆందోళన. ఆ నమ్మకం సగమే సరైనది. ఇనుము, మాంగనీసు, క్రోమియం వంటి లోహాలు నీటిలో ఎంత ఉన్నాయన్నది ఒక ప్రశ్న అయితే, ఏ రూపంలో ఉన్నాయన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. మీటరు రెండింటిలో దేనికీ జవాబు చెప్పదు. అది కొలిచేది నీటి విద్యుత్ వాహకతను మాత్రమే, అందులో సింహభాగం కాల్షియం, మెగ్నీషియం, సోడియం లవణాలది. లీటరుకు ఒక మిల్లీగ్రాము ఇనుము ఉంటే చాలు, ఉతికిన బట్టలకు మరకలు పడతాయి, టీ నల్లబడుతుంది. ఆరేడు వందల టీడీఎస్‌లో ఆ తేడా మీటరుకు ఆనదు.

ఈ ప్రాంతం అడుగున అంతా గ్రానైటు. రాతి పగుళ్లలోకి దిగిన వాన నీరు చాలాకాలం నిలిచిన చోట ఆక్సిజన్ తరిగిపోతుంది. అక్కడ ఇనుము రెండు ధనావేశాల అయానుగా, చుట్టూ ఆరు నీటి అణువులతో, దాదాపు రంగు లేకుండా కరిగి ఉంటుంది. అందుకే బోరు నుంచి అప్పుడే తోడిన నీళ్లు తేటగా ఉంటాయి. గాలి తగిలాక ఆ అయాను ఇంకో ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుని మూడు ధనావేశాలది అవుతుంది. ఆవేశం పెరిగిన అయాను తన చుట్టూ ఉన్న నీటి అణువుల ఎలక్ట్రాన్లను బలంగా తన వైపు లాగుతుంది. ఆ అణువులు హైడ్రోజన్ అయాన్లను వదిలేసి హైడ్రాక్సైడ్‌గా మారతాయి. మామూలు తాగునీటిలో ఇనుము హైడ్రాక్సైడ్ కరగదు, తుప్పురంగు మడ్డిగా బకెట్ అడుగుకు చేరుతుంది. ఈ మార్పు వేగం పీహెచ్ మీద ఆధారపడుతుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే వేగం దాదాపు వంద రెట్లు పెరుగుతుంది. సంపులో బ్లీచింగ్ పౌడర్ వేయగానే నీళ్లు ఎర్రబడితే పౌడర్ మంచిది కాదనుకుంటారు. క్లోరిన్ చేసిందల్లా గాలి నెమ్మదిగా చేసే పనిని త్వరగా చేయడమే.

వంటింట్లో ఆర్‌ఓ ఉండగా ఇదంతా ఎందుకని అడగవచ్చు. ఆర్‌ఓ లోహాల అయాన్లను చాలావరకు ఆపుతుంది, నిజమే. కానీ స్నానాల గది కుళాయికి, గీజరుకు, వాషింగ్ మెషీనుకు వెళ్లే నీళ్లు దాని గుండా పోవు. పైగా ఆర్‌ఓ పొర మీద, నీటి కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్ రెజిన్ మీద ఇనుము మడ్డి పేరుకుంటే అవి త్వరగా పాడవుతాయి. కాబట్టి ముందు గాలి పట్టించి, ఇసుక ఫిల్టరులో మడ్డిని వడగట్టి, ఆ తర్వాతే సాఫ్ట్‌నర్‌లోకి పంపాలి. మాంగనీసు ఉంటే ఇది కూడా చాలదు. పీహెచ్ 9 కంటే తక్కువున్న నీటిలో గాలితో అది చాలా నెమ్మదిగా మారుతుంది. దానికి క్లోరిన్ గానీ పర్మాంగనేట్ గానీ కావాలి. ఒకే ఫిల్టరు రెండింటికీ సరిపోతుందని అమ్మేవారు చెబితే పరీక్ష ఫలితం చూపమనండి.

ఇనుముతో ఆరోగ్యానికి పెద్ద ముప్పు లేదు కదా అన్నది ఇంకా బలమైన అభ్యంతరం. ఇళ్లలో కనిపించే మోతాదుల్లో ఇనుము ప్రధానంగా రుచిని, రంగును చెడగొడుతుంది. దీనికి భయపడాల్సిన పని లేదు. కానీ రూపాన్ని పట్టించుకోని అలవాటు క్రోమియం దగ్గర ప్రమాదం తెస్తుంది. మూడు ధనావేశాల క్రోమియం ఇనుములాగే హైడ్రాక్సైడ్‌గా పేరుకుపోతుంది, అంతగా కదలదు. ఆరో ఆక్సీకరణ స్థితిలోని క్రోమియం మాత్రం ఆక్సిజన్‌తో కలిసి రుణావేశపు క్రోమేట్‌గా నీటితో పాటే సాగిపోతుంది. అది విషం. నగరానికి దక్షిణాన కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో క్రోమియం అధికంగా ఉందని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఏళ్ల కిందటే నమోదు చేశారు. ట్యాంకరు నీళ్లు ఏ బోరువో అడగకుండా, టీడీఎస్ అంకె చూసి సంపులో నింపుకోవడం అందుకే సరికాదు.

అపార్ట్‌మెంట్ సంఘాలు పరీక్షకు పంపేటప్పుడు ఇనుము, మాంగనీసు, క్రోమియం విడివిడిగా కొలవమని అడగాలి. లోహాల నమూనా కోసం ల్యాబ్ నుంచి ఆమ్లం వేసిన సీసా తెప్పించుకోండి. మామూలు సీసాలో పడితే ఇనుము గోడలకు అంటుకుని, నివేదికలో తక్కువగా తేలుతుంది.