మరణానంతరం మెదడు కణజాలంలో ప్రోటీన్ల ఫాస్ఫోరిలేషన్ మార్పులు: నమూనా సేకరణలో జాగ్రత్తలు

జీవకణంలో ప్రోటీన్ల పనితీరును నియంత్రించే ప్రక్రియలలో ఫాస్ఫోరిలేషన్ ప్రధానమైనది. కైనేజ్ ఎంజైములు ఎ.టి.పి. నుండి ఫాస్ఫేట్ సమూహాన్ని గ్రహించి, ప్రోటీనులోని సెరిన్, థ్రియోనిన్ లేదా టైరోసిన్ అమైనో ఆమ్లాలకు జతచేస్తాయి. ఫాస్ఫటేజ్ ఎంజైములు దానిని తొలగిస్తాయి. కుందేలు కండరంపై జరిపిన పరిశోధనల ద్వారా ఈ ద్విముఖ నియంత్రణను వెల్లడించిన ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్‌లకు 1992లో నోబెల్ బహుమతి లభించింది. నాడీకణాలలో దీని పాత్రను నిరూపించిన పాల్ గ్రీన్‌గార్డ్ 2000 సంవత్సరపు వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకొన్నారు.

ఒక ప్రోటీను ఎంత మేరకు ఫాస్ఫోరిలేషన్ చెంది ఉన్నదనేది ఈ రెండు వర్గాల ఎంజైముల మధ్య గల సమతౌల్యంపై ఆధారపడి ఉంటుంది. మరణంతో ఈ సమతౌల్యం దెబ్బతింటుంది. కావున ప్రయోగశాలలో కొలిచే విలువ మరణ సమయపు స్థితిని కాక, ఎంజైముల చర్య ఆగిపోయిన సమయపు స్థితిని సూచిస్తుంది.

మార్పులకు కారణాలు

మానవునిలో శరీర బరువులో 2 శాతం మాత్రమే ఉండే మెదడు, విశ్రాంతి సమయంలో శరీరం వినియోగించే శక్తిలో సుమారు 20 శాతాన్ని ఖర్చు చేస్తుంది. ఆక్సిజన్, గ్లూకోజ్ నిల్వలు అత్యల్పం. అందువలన రక్తప్రసరణ ఆగిన కొద్ది నిమిషాలలోనే ఎ.టి.పి. దాదాపు అడుగంటుతుంది. కైనేజ్‌లకు ఫాస్ఫేట్ కొరవడుతుంది. ఫాస్ఫటేజ్‌లకు ఎ.టి.పి. అవసరం లేదు కనుక అవి పని కొనసాగిస్తాయి. కణంలోనికి ప్రవేశించే కాల్షియం, కాల్సిన్యూరిన్ అనే ఫాస్ఫటేజ్‌ను మరింత ఉత్తేజపరుస్తుంది.

అయితే అన్ని ప్రోటీన్లలో ఫాస్ఫేట్ తగ్గుతుందని భావించరాదు. ఎ.టి.పి. తగ్గి ఎ.ఎం.పి. పెరిగినపుడు, ఎ.ఎం.పి.కె. అనే కైనేజ్ తన 172వ థ్రియోనిన్ వద్ద అధికంగా ఫాస్ఫోరిలేషన్ చెందుతుంది. ఎ.టి.పి. పూర్తిగా తరగకముందే ఈ పెరుగుదల జరుగుతుంది. అనగా మార్పు దిశ, వేగం ప్రోటీనును బట్టి, అందులోని స్థానాన్ని బట్టి మారుతాయి. ఒకే సవరణ గుణకంతో అన్ని విలువలను సరిచేయడం సాధ్యం కాదు.

తప్పుడు నిర్ధారణకు ఒక నిదర్శనం

అల్జీమర్స్ వ్యాధిలో టౌ ప్రోటీను అధికంగా ఫాస్ఫోరిలేషన్ చెందుతుంది. శవపరీక్షలో సేకరించిన ఆరోగ్యవంతుల మెదడులో కొన్ని స్థానాల వద్ద ఫాస్ఫేట్ కనిపించకపోవడంతో, ఆ స్థానాలు వ్యాధికే ప్రత్యేకమని తొలుత భావించారు. శస్త్రచికిత్స సమయంలో తీసిన తాజా కణజాలాన్ని పరీక్షించగా, సాధారణ టౌలోనూ అనేక స్థానాల వద్ద ఫాస్ఫేట్ ఉన్నట్లు 1994లో వెల్లడైంది. మరణానంతర జాప్యంలో ఆ ఫాస్ఫేట్ తొలగిపోవడమే తేడాకు కొంతవరకు కారణమని తేలింది.

ఉష్ణోగ్రత సైతం కీలకమే. శరీరం చల్లబడినపుడు ఫాస్ఫటేజ్‌ల చర్య కైనేజ్‌ల కంటే ఎక్కువగా మందగిస్తుంది. అందువలన మత్తుమందు ప్రభావంతో శరీర ఉష్ణోగ్రత పడిపోయిన ఎలుకలలో టౌ ఫాస్ఫోరిలేషన్ పెరుగుతుంది.

పాటించవలసిన పద్ధతులు

చిన్న ఎలుకలలో కేంద్రీకృత మైక్రోవేవ్ పరికరం దాదాపు ఒక సెకనులో మెదడును వేడిచేసి ఎంజైములను నిర్వీర్యం చేస్తుంది. ఫాస్ఫోరిలేషన్ స్థితిని కాపాడటంలో ఇది మేలైన పద్ధతి. కానీ ఆ నమూనాలో ఎంజైమ్ చర్యను కొలవలేము. గొర్రెలు, పశువుల వంటి పెద్ద జీవులకు ఇది అనువు కాదు. అట్టి సందర్భాలలో:

• మరణం నుండి ఘనీభవనం వరకు పట్టిన సమయాన్ని, పరిసర ఉష్ణోగ్రతను ప్రతి నమూనాకు నమోదు చేయాలి.
• కణజాలాన్ని చిన్న ముక్కలుగా కోసి, మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉండే ద్రవ నత్రజనిలో ఉంచాలి. పెద్ద ముక్కలలో లోపలి భాగం ఆలస్యంగా గడ్డకడుతుంది.
• గడ్డకట్టిన నమూనాను కరగనీయకుండా, సోడియం ఫ్లోరైడ్, సోడియం ఆర్థోవనడేట్ వంటి ఫాస్ఫటేజ్ నిరోధకాలు గల ద్రావణంలో నూరాలి.
• ఫాస్ఫోరిలేషన్ విలువను ఆ ప్రోటీను మొత్తం పరిమాణంతో నిష్పత్తిగా చూపాలి.
• ప్రయోగ, నియంత్రణ సమూహాల జీవాలను ఒకదాని తరువాత ఒకటిగా మార్చి మార్చి తీసుకోవాలి.

చివరి అంశం అత్యంత ముఖ్యమైనది. ఒక సమూహం మెదళ్ళను 5 నిమిషాలలోను, మరొక సమూహానివి 20 నిమిషాలకును సేకరిస్తే, కేవలం జాప్యం వలన కలిగిన తేడా దాణా ప్రభావంగానో, ఔషధ ప్రభావంగానో నమోదవుతుంది. నమూనాల సంఖ్యను పెంచినా ఈ దోషం తొలగదు. కనుక సేకరణ క్రమాన్ని, కాలవ్యవధిని ప్రయోగ రూపకల్పన దశలోనే నిర్ణయించుకోవాలి.