నొప్పుల గదిలో కాపలా

నొప్పి వచ్చి తగ్గగానే మిడ్‌వైఫ్ తల్లి పొట్ట మీద డాప్లర్ ఆనిస్తుంది. గోడ గడియారం మీదే చూపు నిలిపి నిమిషం పాటు లెక్కపెడుతుంది. బిడ్డ గుండె 110కీ 160కీ మధ్య కొట్టుకోవాలి. 138. చార్టులో రాసుకుంటుంది. అరగంట తిరక్కుండా మళ్లీ అదే పని. ఈలోపు నడుం నిమురుతుంది, గుక్కెడు మజ్జిగ తాగిస్తుంది, లేచి నాలుగడుగులు వెయ్యమంటుంది.

“నాతోని కాదు సిస్టర్, ఆపరేషన్ చేసెయ్యమను!”

“అయిపోవచ్చిందమ్మా. ఊపిరి పీల్చు... ఆ, అట్లనే.”

చూసేవాళ్లకి అక్కడ ఏమీ జరుగుతున్నట్టు ఉండదు. కానీ సుఖప్రసవంలో సగం పని ఇదే. అంత ఓపిగ్గా పక్కన కూర్చునే మనిషి మన ఆస్పత్రుల్లో కరవైంది.

లెక్కలు చూస్తే ఆ కరవు తెలుస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ప్రతి వంద కాన్పుల్లో 21.5 సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో ఏకంగా 60.7. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రులనే విడిగా చూస్తే 81.5. కడుపుకోత అంటే ఒకప్పుడు బిడ్డను పోగొట్టుకున్న తల్లి దుఃఖం. ఇప్పుడది సిజేరియన్ వార్తలకి శీర్షిక.

డబ్బు కోసం కోసేస్తున్నారని ఒక్క మాటతో తేల్చేయడం తేలికే. తెలంగాణ సర్కారు దవాఖానాల్లోనూ ఆ రేటు 44.5 శాతం ఉంది మరి. నొప్పులంటే భయం, గంటలకొద్దీ కనిపెట్టుకుని ఉండేంత సిబ్బంది లేకపోవడం, ఏదైనా తేడా వస్తే గొడవవుతుందన్న డాక్టర్ల బెంగ, వీటన్నిటి మీదా ముహూర్తం. పంచాంగంలో మంచి ఘడియ దొరుకుతుంది. 39 వారాలు నిండకుండా బయటికి తీస్తే బిడ్డకి ఊపిరి అందక ఆయాసం రావచ్చన్న సంగతి మాత్రం అందులో ఉండదు. పైగా మొదటిది కోత అయితే రెండోదీ కోతే అవుతుంది చాలాసార్లు. పాత కుట్ల మీద మాయ అతుక్కుందంటే ఆ కాన్పు తల్లి ప్రాణం మీదికే వస్తుంది.

తొందరపాటు చాలాసార్లు మొదలయ్యేది గడియారం దగ్గర. గర్భాశయ ముఖద్వారం గంటకో సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలన్నది డాక్టర్ల పాత లెక్క. అంతకన్నా నెమ్మదైతే ‘కాన్పు ముందుకు సాగడం లేదు’ అని రాసి థియేటర్‌కి పంపేవారు. ఆ కొలత అందరికీ వర్తించదని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేసింది. అసలు నొప్పులు ఊపందుకున్నట్టు లెక్కేసుకోవాల్సిందే 5 సెంటీమీటర్ల నుంచి. అక్కణ్నుంచి తొలిచూలుకి 12 గంటల దాకా, తర్వాతి కాన్పులకి 10 గంటల దాకా పట్టొచ్చు. తల్లీబిడ్డా బాగున్నంతసేపూ కంగారు అక్కర్లేదు. రెండు సెంటీమీటర్లకే మంచమెక్కించి, సెలైన్ పెట్టి, వెల్లకిలా పడుకోబెడితే ఆ గంటలు గడవడమే గండం.

పక్కన మనిషి ఉంటే ఆ గంటలే వేరు. 17 దేశాల్లో 15 వేల మందికి పైగా తల్లుల మీద జరిగిన 26 అధ్యయనాలను కలిపి చూస్తే, నొప్పుల వేళ మొదట్నుంచీ తోడున్నవాళ్లలో సహజ కాన్పులు ఎక్కువ, నొప్పులు పడే సమయం తక్కువ. ప్రభుత్వాస్పత్రుల కాన్పు గదిలోకి తోడుగా ఒకరిని రానివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది. మన పల్లెల్లో మంత్రసాని చేసిందీ ఈ తోడు పనే. ఆమె దగ్గర లేనిదల్లా ఆపద ముదిరితే దారి.

ఆ తోడునీ ఈ దారినీ కలిపితే మిడ్‌వైఫ్. 1948లో మొదలైన హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఆస్పత్రి 2011లో మిడ్‌వైఫరీ శిక్షణకి శ్రీకారం చుట్టింది. 2017లో ఆ సంస్థ, యునిసెఫ్ సాయంతో తెలంగాణ ప్రభుత్వం కరీంనగర్‌లో 30 మంది నర్సులతో 18 నెలల కోర్సు ప్రారంభించింది. మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు డాక్టర్‌ని పిలవాలో తెలియడమే ఈ చదువు సారం. మాయ అడ్డుపడినా, బిడ్డ అడ్డం తిరిగినా, గుండె చప్పుడు పడిపోతున్నా సిజేరియనే దిక్కు. అప్పుడు థియేటర్ పక్కనే ఉండాలి, రక్తం సిద్ధంగా ఉండాలి.

సహజం అన్న మాట మీద మోజుతో దీన్ని మర్చిపోతే ఏమవుతుందో 2018లో తమిళనాడులోని తిరుప్పూరు చూసింది. యూట్యూబ్ వీడియోల సాయంతో ఇంట్లో కాన్పుకి సిద్ధపడిన ఒక తల్లి, బిడ్డ పుట్టాక రక్తస్రావంతో చనిపోయింది.

అడవి దారుల్లో పరిస్థితి ఇంకో రకం. అక్కడ కోత ఎక్కువవడం కాదు, ఆస్పత్రి అందకపోవడమే సమస్య. నొప్పులు మొదలయ్యాక డోలీ కట్టి కొండ దిగేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. అందుకే ఆంధ్రప్రదేశ్‌లోని సాలూరులో 2018లో గిరిజన గర్భిణులకి వసతిగృహం తెరిచారు. నెలలు నిండేముందే వచ్చి అక్కడ ఉంటారు. ఖరీదైన యంత్రమేదీ లేని ఈ ఉపాయానికి రావాల్సినంత పేరు రాలేదు.

మళ్లీ ఆ గదికే వెళ్దాం. బిడ్డ ఏడ్చింది, తల్లి రొమ్ము మీద పడుకోబెట్టారు. నిమిషంలోపే తల్లి తొడకి 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇంజక్షన్. అది ఫ్రిజ్‌లో ఉండాల్సిన మందు, ఎండకి పెడితే నీళ్లతో సమానం. ఒక నిమిషం దాటాకే బొడ్డుతాడుకి క్లిప్పు. తల్లి నడుం కింద కొలతగీతలున్న ప్లాస్టిక్ సంచి. పోయిన రక్తాన్ని కంటితో అంచనా వేయకుండా ఇలా కొలిచి, మితిమీరగానే వైద్యమంతా ఒకేసారి మొదలుపెట్టినందుకు నాలుగు ఆఫ్రికా దేశాల్లో తీవ్ర రక్తస్రావం, దానికోసం చేసే ఆపరేషన్, మరణం, ఈ మూడూ కలిపి 60 శాతం తగ్గాయని 2023లో తేలింది.

బయట మిఠాయిలు పంచేస్తున్నారు. లోపల మిడ్‌వైఫ్ తల్లి పొట్ట మీద చెయ్యి వేసి గర్భసంచి గట్టిపడిందో లేదో చూస్తుంది, సంచి మీది గీత చదివి చార్టులో రాసుకుంటుంది. పావుగంటకి మళ్లీ చూడాలి.