ఆడుబిడ్డకు పాదిరి చదువు

హైటెక్ సిటీలో సైబర్ టవర్సు 1998వ సంవత్సరమున ప్రారంభమైనది మొదలు మన తెలుగు గృహములలో ఆడుబిడ్డ చదువునకు ఒక్కటే రాజమార్గ మేర్పడినట్లు కనబడుచున్నది. ముందు ఇంజనీరింగు, తరువాత మాదాపూరులో నుద్యోగము, ఆపైని వివాహము. ఆ దారినే నడచి, ఆ భవనములలోనే నాలుగేండ్లు పనిచేసిన యొక యువతి, మా యెఱుకలోని క్రైస్తవ కుటుంబపు బిడ్డ, ఉద్యోగము మాని బైబిలు కళాశాలలో చేరెదనని చెప్పినప్పుడు ఆ యింట రెండుపూటలు ఎవరికిని అన్నము సహింపలేదు. తండ్రి పోయిన జీతమునుగూర్చి వగచెను. తల్లి వగపు వేఱు. "చదివించుటకు నాకేమి యభ్యంతరము? చదివిన తరువాత దీనికి పీట వేయువారెవరు?" అని యామె మమ్మడిగినది. ప్రశ్న సమంజసముగనే యున్నందున దానికి సమాధానము వెదకవలసివచ్చినది.

ఆ యమ్మాయి చేరదలచిన ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజి హైటెక్ సిటీకి సుమారు 15 కిలోమీటర్ల దూరమున, హుసేనుసాగరపు దిగువ గాంధీనగరములో నున్నది. పూర్వము ఒక్కొక్క మిషనువారికి ఒక్కొక్క పాఠశాల యుండెడిది. బాప్టిస్టులకు రామపట్నము, లూథరనులకు రాజమహేంద్రవరమందలి లూథర్‌గిరి, ఆంగ్లికనులకు దోర్నకల్లు. ఒకే తెలుగుబాస మాటలాడు బోధకులు వేఱువేఱు కొట్టములలో చదువనేల యని పలుసంఘములవారు కలిసి, 1964లో రాజమహేంద్రవరమున నీ కళాశాలను స్థాపించిరి. అది 1970 దశకమున హైదరాబాదునకు తరలివచ్చినది. పట్టములిచ్చునది సేరాంపూరు సెనేటు. కేరీ, మార్ష్‌మన్, వార్డు అనువారు 1818లో స్థాపించిన సేరాంపూరు కళాశాలకు 1827లో డెన్మార్కురాజు పట్టములిచ్చు నధికారము నొసగెను. ఆ కేరీయే 1814లో తెలుగు వ్యాకరణమొకటి యింగ్లీషున ప్రకటించినవాడు. మార్ష్‌మన్ భార్య హన్నా యచ్చట బాలికాపాఠశాలలు నడపినది. ఆమె పేరు చెప్పక ముగ్గురు పురుషుల పేళ్లే చెప్పుట లోకములో నలవాటైపోయినది!

పాదిరి చదువనగా బైబిలు కంఠస్థము చేయుట యని మనలో బలువురి యభిప్రాయము. అది సరికాదు. పట్టభద్రులైనవారికి బి.డి. యనబడు నీ చదువు నాలుగేండ్లది. పాత నిబంధన, క్రొత్త నిబంధన, సంఘచరిత్ర, దైవశాస్త్రము, నీతిశాస్త్రము, ఇతర మతముల పరిచయము, ప్రసంగముచేయు విధము, దుఃఖితులను పరామర్శించు విధము - ఇవన్నియు నేర్వవలయును. మూలగ్రంథములను చదువుటకు హెబ్రీ, గ్రీకు భాషల నభ్యసించుటయు గలదు. ఈ భాషలు స్త్రీలకు కొఱుకుడుపడవని యెవరైన ననినచో పండిత రమాబాయిని దలచుకొనుడు. ఆమె యా రెండుభాషలను నేర్చి బైబిలును మరాఠీలోనికి తానే తర్జుమా చేసినది. 1922లో నామె మరణించిన పిమ్మట, 1924లో నా గ్రంథము వెలువడినది.

మన తెలుగుదేశమున స్త్రీలు ఈ సేవకు క్రొత్తవారు కారు. మిషనుల కాలమున "బైబిలు స్త్రీలు" అనువారుండిరి. పురుషులడుగిడరాని ఘోషా యిండ్లలోనికి వీరు పోయి, అక్షరములు నేర్పుచు, రోగులను పలుకరించుచు, వాక్యము చదివి వినిపించుచుండిరి. దోర్నకల్లులో బిషపు అజరయ్యగారి కాలమున బోధకులగువారి భార్యలకు గూడ చదువు చెప్పుచుండిరి. లూథరను సంఘములో బి. వి. సుబ్బమ్మగారు రాజమహేంద్రవరమున స్త్రీల బైబిలు శిక్షణ పాఠశాలకు ప్రధానోపాధ్యాయినిగ నుండి, క్రైస్తవాశ్రమముల నడపి, గ్రంథములు రచించిరి. ఇంతటి పని చేయించుకొనిన సంఘములు, బాప్తిస్మమిచ్చుటకును ప్రభురాత్రి భోజనమును పంచుటకును మాత్రము చిరకాలము స్త్రీలను దూరముగ నుంచినవి. ఇల్లిల్లు తిరుగుటకు పనికివచ్చిన పాదములు బలిపీఠము మెట్లెక్కుటకు పనికిరాకపోవుట మాకు వింతగనే యున్నది.

ఇక తల్లి ప్రశ్నకు వత్తము. పీట వేయుట కళాశాల చేతిలో లేదు, సంఘము చేతిలో నున్నది. దక్షిణ ఇండియా సంఘములో స్త్రీలు గురుపట్టము పొందుచున్నారు. ఈ కళాశాలలోనే చదివిన ఎగ్గోని పుష్పలలితగారు గురుపట్టము పొంది, యేండ్లకొలది సేవచేసి, 2013 సెప్టెంబరులో నంద్యాల బిషపుగ నభిషిక్తులైరి. ఆ సంఘములో నట్టి పదవి నందిన మొదటి స్త్రీ యామెయే. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరను సంఘమువారు గూడ స్త్రీలకు గురుపట్టమొసగిరి. రోమను కథోలికులలో నిది లేదు. స్వతంత్ర సంఘములలోనో, ఒక్కొక్కచోట నొక్కొక్క నియమము. అందువలన చేరకముందే తమ సంఘపెద్దలను మూడు సంగతు లడుగుమని మేమా తల్లికి చెప్పితిమి: పంపుచున్నట్లు ఉత్తరమిత్తురా? చదువు ముగిసినపిమ్మట గురుపట్టమిత్తురా? లేక సండేస్కూలు పిల్లలనప్పగించి చాలునందురా? పెద్దలు నొచ్చుకొందురని మొగమాటపడవలదు. నాలుగేండ్ల తరువాత నొచ్చుకొనుటకంటె నిదియే మేలు.

ఇల్లువిడిచి పోజాలని గృహిణులకు సేరాంపూరు సెనేటువారు ఇంటనుండియే చదువుకొను క్రైస్తవ విద్యాపట్టములను గూడ నేర్పఱచియున్నారు. పిల్లలు పెద్దవారైన పిమ్మట మధ్యాహ్నములు తీరికగల తల్లులకిది యనుకూలము.

ఆ యమ్మాయి సంఘపెద్దలు మొదటి రెండింటికి సమ్మతించిరి; రెండవదానికి మాత్రము కొంత నసిగిరి. అయినను జూన్ మాసమున నామె కళాశాలలో చేరినది. సెలవులలో అమ్మమ్మగారి యూరికి పోయి, అచ్చటి చిన్న మందిరములో వాక్యము చెప్పినదట. బోధకుని అయ్యగారనియు, ఆయన భార్యను అమ్మగారనియు పిలుచుట మన పల్లె క్రైస్తవుల వాడుక. ఆరాధన ముగిసినపిమ్మట నొక ముదుసలి యామె చేయి పట్టుకొని, "ఏమే తల్లీ, రేపు నీవు మాకు అయ్యగారివా, అమ్మగారివా? నీ మగనినేమని పిలువవలె?" నని యడిగినదట. "ముందు మగని వెదకనిండు, పిమ్మట పేరు పెట్టుదము" అని తల్లి చెప్పగా అందఱును నవ్విరట. ఈ మాట మాతో చెప్పుచు ఆ తల్లి, కూతురు చెప్పిన వాక్యమేదో, అది యే యధ్యాయములోనిదో గూడ తప్పక చెప్పినది.