మీకు తెలుసా? నాలుగు దేశాల కొలంబో కప్

స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకే భారత్, పాకిస్తాన్ ఒకే ఫుట్‌బాల్ కప్పును పంచుకున్నాయి! అదే కొలంబో కప్.

• ఆడింది నాలుగే జట్లు: భారత్, పాకిస్తాన్, బర్మా, సిలోన్. ప్రతి జట్టూ మిగతా మూడింటితో తలపడేది. ఎక్కువ పాయింట్లు వచ్చినవారిదే కప్పు.

• 1952 నుంచి 1955 వరకు ఏడాదికో ఊళ్లో జరిగింది: కొలంబో, రంగూన్, కలకత్తా, ఢాకా.

• తొలిసారి భారత్, పాకిస్తాన్ సంయుక్త విజేతలు. తర్వాతి మూడుసార్లూ భారత్‌దే విజయం.

• ఆ రోజుల్లో మన జట్టును తీర్చిదిద్దిన కోచ్ హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన శిక్షణలోనే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ సెమీఫైనల్ చేరి, నాలుగో స్థానంలో నిలిచింది. తెలుగు నేల గర్వంగా చెప్పుకోవలసిన పేరిది.