గ్రాఫులు గీయు కాలిక్యులేటరు: దానిని ఎన్నుకొనుట ఎట్లు?

ఉన్నత పాఠశాలలో చదివినవారెవ్వరును గ్రాఫు కాగితమును మరచిపోలేరు. ఎక్స్‌కు ఒక్కొక్క విలువ నిచ్చి, దానికి తగిన వై విలువను లెక్కకట్టి, పట్టిక వ్రాసి, బిందువులను గుర్తించి, వాటిని పెన్సిలుతో నున్నగా కలిపినగాని పరావలయము కంటికి కనబడదు. ఈ పనినంతయు గ్రాఫులు గీయు కాలిక్యులేటరు కొన్ని క్షణములలో ముగించును. జపానుకు చెందిన కాసియో సంస్థవారి ఎఫ్ఎక్స్-7000జి ఇట్టి యంత్రములలో మొదటిదిగా 1985లో బజారుకు వచ్చినది. 1990లో అమెరికాలోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ టీఐ-81ను విడుదల చేసినది. క్రమముగా ఆ దేశపు ఉన్నత పాఠశాలలలో ఇది పుస్తకములతోపాటు సంచిలో చేరినది.

అయితే మన విద్యార్థికి ఇది అవసరమా? మొదట అడుగవలసిన ప్రశ్న ఇదియే. ఆంధ్రప్రదేశ్‌లో గాని తెలంగాణలో గాని పదవ తరగతి పబ్లిక్ పరీక్షకు కాలిక్యులేటరును లోనికి రానీయరు. జేఈఈ పరీక్షకును అంతే. ఈ పరీక్షలకు మాత్రమే చదువువారు దీనికై డబ్బు వెచ్చింప నక్కరలేదు. హైదరాబాదువంటి నగరములలో ఇంటర్నేషనల్ బకలారియేట్ పాఠ్యక్రమమును చదువువారికిని, అమెరికాలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కలనగణితమును చదువు తెలుగువారి పిల్లలకును మాత్రము దీనితో పని పడును. అమెరికాలో క్రొత్త యంత్రము వెల నూరు డాలర్లకు పైబడి యుండుటయు కద్దు. కావున కొనుటకు ముందు ఆలోచించుట మంచిది.

యంత్రము గ్రాఫును ఎట్లు గీయునో తెలిసినచో ఎన్నిక సులభమగును. దాని తెర చిన్న చిన్న చుక్కల గళ్లు. 2004లో వచ్చిన టీఐ-84 ప్లస్ తెరపై అడ్డముగా 96, నిలువుగా 64 చుక్కలు కలవు. 2015లో వచ్చిన టీఐ-84 ప్లస్ సీఈ అను రంగుల తెరపై ఇవి 320, 240. మనము మొదట ఎక్స్, వైల హద్దులను నిర్ణయింపవలెను. ఈ హద్దుల మధ్య భాగమునకే కిటికీ యని పేరు. పాత టీఐ-84 ప్లస్ గ్రాఫునకు 95 నిలువు వరుసలను వాడును. ఒక్కొక్క వరుసకు ఎక్స్ విలువను తీసికొని, వైని లెక్కించి, ఆ చోట చుక్కను వెలిగించి, ప్రక్క చుక్కతో కలుపును. మనము కాగితముపై చేయునదియు ఇదే గదా!

ఇందులో రెండు చిక్కులు కలవు. కిటికీ హద్దులు రెండు దిక్కులందును −10 నుండి 10 వరకు ఉన్నప్పుడు వై = ఎక్స్² + 50 అను సమీకరణము నిచ్చినచో తెరపై అక్షములు తప్ప వేరేమియు కనబడదు. గ్రాఫు లేకపోలేదు, అది కిటికీకి పైన ఉన్నది. రెండవది మరింత మాయ. కోణమును రేడియనులలో ఉంచి, వై = సైన్ (9.4 × పై × ఎక్స్) ను అదే కిటికీలో పాత టీఐ-84 ప్లస్‌పై గీయుడు. ఆ హద్దులలో 94 తరంగములు ఉండవలెను. 95 వరుసల మధ్య ఎడములును సరిగా 94. అనగా యంత్రము ప్రతి తరంగమును ఒకే చోట, వై సున్న అయిన చోటనే, చూచుచున్నది. అందుచే తెరపై తరంగమునకు బదులు ఎక్స్ అక్షముపైనే పడిన సరళరేఖ వచ్చును! తెరపై చుక్కలు పెరిగినను మరియొక సంఖ్యతో ఇదే జరుగును. కావున తెర స్పష్టతకై ఎక్కువ డబ్బు పెట్టినంత మాత్రమున ఈ పొరపాటు తొలగదు. ప్రమేయపు స్వభావము నెరిగిన విద్యార్థియే దానిని పట్టుకొనగలడు.

ఇక ఎన్నిక. వ్రాయబోవు పరీక్ష నియమములను మొదట చదువవలెను. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కలనగణితమునకు యంత్రము నాలుగు పనులు చేయగలిగి యుండవలెను: కోరిన కిటికీలో గ్రాఫు గీయుట, సమీకరణపు మూలములను కనుగొనుట, ఒక బిందువువద్ద అవకలజపు విలువ నిచ్చుట, నిశ్చిత సమాకలనపు విలువ నిచ్చుట. కొన్ని యంత్రములు అంకెలతోనే గాక అక్షరములతోను బీజగణితము చేయును. ఎక్స్² − 5ఎక్స్ + 6 నిచ్చినచో (ఎక్స్ − 2)(ఎక్స్ − 3) అని విడదీయును. 1987లో వచ్చిన హెచ్‌పి-28సి నుండియే చేతి యంత్రములకు ఈ శక్తి అలవడినది. అయితే ఎక్కువ శక్తిగలదే మేలని కొనిన ప్రమాదమే. పై కలనగణిత పరీక్షకు ఇట్టి యంత్రము చెల్లును. ఏసీటీ పరీక్షకును, ఇంటర్నేషనల్ బకలారియేట్ పరీక్షలకును చెల్లదు. శాట్ పరీక్షలో 2025 ఆగస్టు నుండి చెల్లకుండ చేసిరి. వేల రూపాయలు పోసి కొనినది పరీక్షనాడు గుమ్మమువద్దనే ఆగిపోవును.

రెండవది, ఉపాధ్యాయుడు తరగతిలో వాడు యంత్రమునే కొనుట. ఏ మీటను నొక్కవలెనో ప్రక్కవానిని చూచి నేర్చుకొనవచ్చును. మూడవది విద్యుత్తు. కాసియో ఎఫ్ఎక్స్-9750జి III నాలుగు సన్నని బ్యాటరీలతో నడచును. టీఐ-84 ప్లస్ సీఈని చార్జి చేయవలెను. ఒకరు వాడిన యంత్రమైనను తప్పు లేదు. కొనుటకు ముందు వై = ఎక్స్³ − 4ఎక్స్ + 1 ను గీయించి మూలములను అడుగుడు. −2.115, 0.254, 1.861 అను మూడును వచ్చి, తెరపై గీతలు తెగకయు మీటలు అంటుకొనకయు ఉన్నచో అది పనికివచ్చును.

కొనలేనివారు చింతింప నక్కరలేదు. జియోజీబ్రా, డెస్మోస్ అను ఉచిత సాధనములు కంప్యూటరుపైనను ఫోనుపైనను ఇవే గ్రాఫులను గీయును. ఇప్పుడు కంప్యూటరుపై జరుగు శాట్ పరీక్షలో డెస్మోస్ తెరపైననే లభించును. పాఠశాలలో ఒక్క కంప్యూటరున్నను తరగతి కంతకును చూపవచ్చును. ఉపాధ్యాయులు ఒక చిన్న పద్ధతిని పాటింపవచ్చును: మీట నొక్కుటకు ముందు ప్రతి విద్యార్థియు గ్రాఫు ఎట్లుండునో కాగితముపై ఊహించి గీయవలెను. ఆ పిమ్మట తెరను చూడవలెను. రెండును కలియనిచోట తప్పు తనదో, కిటికీదో తేల్చుకొనుటలోనే అసలు గణితపాఠము మొదలగును.