గుర్రమెక్కే పిల్లలకు కాపలా ఎవరు?

అమెరికాలో మన పిల్లలు స్పెల్లింగ్ బీ, కూచిపూడి, టెన్నిస్ దాటి ఇప్పుడు గుర్రాల దాకా వచ్చారు. టెక్సస్‌లోనో వర్జీనియాలోనో ఊరు దాటి కాస్త దూరం వెళ్తే చుట్టూ తెల్ల కంచె, మధ్యలో ఇసుక పరిచిన రింగు, ఒక పక్కన పొడుగాటి బార్న్ కనిపిస్తాయి. శనివారం ఉదయం అక్కడ పదకొండేళ్ళ పిల్ల తనకంటే ఎత్తున్న గుర్రానికి బ్రష్ చేసి, జీను వేసి, పొట్ట కింది పట్టీ బిగించుకుంటూ ఉంటుంది. ఎక్కాక ట్రైనర్ వచ్చి మడమ పట్టుకుని కిందికి నొక్కి, మోకాలు సరిచేసి, నడుము నిటారుగా పెట్టమని వీపు మీద తడతాడు. ఇందులో తప్పేమీ లేదు, స్వారీ నేర్పే పద్ధతే అది. ఏది పాఠం, ఏది కాదు అన్నది పిల్లకు తెలియకపోతేనే చిక్కు.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మనవాళ్ళు ఊరికే అనలేదు. పోటీలకు పనికొచ్చే గుర్రం వేల డాలర్లు పలుకుతుంది. దాన్ని శాలలో ఉంచడానికి నెలనెలా అద్దె, లాడాలకు వేరే, పశువైద్యుడికి వేరే. అంత పెట్టలేని ఇంటి పిల్లలు ట్రైనర్ ఇచ్చిన గుర్రమే ఎక్కాలి. ఈ రోజు ఏ గుర్రం, వచ్చే నెల ఏ షో, ఎవరి గుర్రం మీద ఎవరికి అవకాశం అన్నవన్నీ ఆ ఒక్క మనిషి నోటిమాట మీద నడుస్తాయి. చాలాచోట్ల గుర్రం కొనిపెట్టేదీ, అమ్మిపెట్టేదీ, మధ్యలో కమిషన్ తీసుకునేదీ కూడా ఆయనే. ఫీజు కట్టలేని టీనేజర్లు పొద్దున్నే వచ్చి పేడ ఎత్తి, గడ్డి వేసి, దానికి బదులుగా పాఠాలు నేర్చుకోవడం అక్కడ పాత ఆచారం. ఫ్లోరిడాలోని వెల్లింగ్టన్‌లో చలికాలమంతా జరిగే షోలకు కొందరు పిల్లలు బడి చదువు ఆన్‌లైన్‌కి మార్చుకుని వారాల తరబడి ట్రైనర్ బృందంతోనే ఉండిపోతారు. ఈత కోచ్ నచ్చకపోతే ఇంకో కొలను చూసుకోవచ్చు. ఇక్కడ ట్రైనర్‌ని వదులుకుంటే గుర్రం, స్నేహితులు, గెలిచే అవకాశం అన్నీ ఒక్కసారే పోతాయి. వేధింపు జరిగినా పిల్లలు నోరు విప్పకపోవడానికి సగం కారణం ఇదేనని నా నమ్మకం. మిగతా సగం సిగ్గు.

ఇది ఊహ కాదనడానికి రెండు పేర్లు చాలు. కాలిఫోర్నియాలోని ఫ్లింట్‌రిడ్జ్ రైడింగ్ క్లబ్‌లో దశాబ్దాల పాటు నేర్పిన జిమ్మీ విలియమ్స్ 1993లో చనిపోయేనాటికి ఆ రంగంలో పెద్ద పేరు. పాతికేళ్ళ తర్వాత, 2018లో, రెండు ఒలింపిక్ రజతాలు గెలిచిన ఆన్ కర్సిన్‌స్కీ, తన చిన్నతనంలో ఆయన తనను లైంగికంగా వేధించాడని న్యూయార్క్ టైమ్స్‌కి చెప్పారు. మరికొందరు మహిళలూ గొంతు కలిపారు. ఆయన పేరిట ఇచ్చే ట్రోఫీని అమెరికా గుర్రపు క్రీడల సమాఖ్య విరమించుకుంది.

రెండోవాడు ఇంకా పెద్దవాడు. జార్జ్ మోరిస్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన జట్టు సభ్యుడు, 2008 బీజింగ్‌లో స్వర్ణం తెచ్చిన అమెరికా జంపింగ్ జట్టుకు నాయకత్వం వహించినవాడు, తరాల రైడర్లకు ఆయన మాటే వేదం. 1968-72 మధ్య మైనర్‌తో లైంగిక దుష్ప్రవర్తన జరిపినట్టు తేల్చి, 2019 ఆగస్టులో ఆయనను జీవితకాలం నిషేధించారు. ఆయన కాదన్నారు, అప్పీలుకు వెళ్ళారు. నవంబర్‌లో మధ్యవర్తి నిషేధాన్నే ఖాయం చేశాడు. ఫిర్యాదు చేసినవారిలో మగవాళ్ళున్నారు, కాబట్టి ‘మాది మగపిల్లాడు’ అని నిశ్చింతగా ఉండే తల్లిదండ్రులు కొంచెం ఆగి ఆలోచించాలి. ఆ తర్వాత జరిగింది మరీ విచిత్రం. ఆయనకు మద్దతుగా ఫేస్‌బుక్‌లో వేలమంది చేరారు. ‘నాకు ఎంతో మంచి గురువు, ఆయన అలాంటివాడు కాదు’ అన్నదే చాలామంది వాదన. ఒకరికి మంచి గురువు కావడం ఇంకొకరికి చేసిన హానిని చెరపదు. పెద్దవాళ్ళకు కూడా ఈ మాట తలకెక్కడం కష్టమైంది, ఇక పన్నెండేళ్ళ పిల్ల ఒంటరిగా ఎదురెళ్ళి ఏం చెప్పగలదు?

ఆ నిషేధం విధించింది యూఎస్ సెంటర్ ఫర్ సేఫ్‌స్పోర్ట్ అనే, ఒలింపిక్ క్రీడల్లో వేధింపుల ఫిర్యాదులు విచారించే కేంద్రం. కొలరాడోలోని డెన్వర్‌లో 2017 మార్చిలో తలుపులు తెరిచింది. జిమ్నాస్టిక్స్ వైద్యుడు ల్యారీ నాసర్ చేతిలో నలిగిన 150 మందికి పైగా అమ్మాయిలు, మహిళలు 2018 జనవరిలో మిషిగన్ కోర్టులో ఒకరి తర్వాత ఒకరు నిలబడి మాట్లాడారు. అదే ఏడాది ఫిబ్రవరి 14న సేఫ్‌స్పోర్ట్ చట్టం మీద సంతకం పడింది. దాని ప్రకారం, ఒలింపిక్ క్రీడల సమాఖ్యల పరిధిలో ఉన్న పెద్దవాళ్ళెవరికైనా పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందన్న అనుమానం వస్తే 24 గంటల్లో పోలీసులకూ, ఆ కేంద్రానికీ చెప్పితీరాలి. సమాఖ్య లోపల మాట్లాడుకుని సర్దుకుంటామంటే కుదరదు. ఈ కేంద్రం నిదానంగా కదులుతుందన్న విమర్శ ఉంది, అందులో నిజమూ ఉంది. అయితే ఎన్నేళ్ళ కిందటి సంగతైనా అది వింటుంది, నిషేధించినవాళ్ళ పేర్లు ఎవరైనా వెతుక్కునేలా తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. ట్రైనర్‌కి చెక్కు రాసే ముందు అక్కడ పేరు కొట్టి చూడటానికి రెండు నిమిషాలు పట్టదు. అయితే పేరు లేనంత మాత్రాన నిశ్చింత లేదు. దొరకనివాళ్ళ పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు.

అందుకే అమెరికా గుర్రపు క్రీడల సమాఖ్య నియమాలు మనిషి మంచివాడా కాదా అన్న జోలికి పోవు, ఏర్పాటు ఎలా ఉందన్నదే చూస్తాయి. ఒక పెద్దవాడూ ఒక మైనరూ ఇద్దరే ఉండాల్సి వస్తే, నలుగురికీ కనబడేచోట, ఎవరైనా మధ్యలోకి రాగలిగేలా ఉండాలి. రింగులో పాఠం సరే, సామాన్లు పెట్టే జీనుల గది తలుపేసుకుని మాట్లాడటం కాదు. పిల్లకు పంపే మెసేజ్‌లో తల్లినో తండ్రినో చేర్చాలి. హోటల్‌లో పిల్లలతో ఒకే గదిలో ట్రైనర్ పడుకోకూడదు. గుర్రాల ట్రైలర్ లాగే ట్రక్కులో ఒక్క పిల్లను ఎక్కించుకుని ఆరు గంటలు నడిపేస్తామంటే తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి కావాలి. ఆ కాగితం ఏటా మళ్ళీ రాయాలి. సంతకం పెట్టేముందు ‘ఇంకో పెద్దవాళ్ళెవరైనా వస్తున్నారా’ అని అడిగితే మంచి ట్రైనర్ ఎవరూ నొచ్చుకోరు. నొచ్చుకుంటే అదే మీకు జవాబు.

ఈ నియమాలు ఆ సమాఖ్య పరిధిలో ఉన్నవాళ్ళకే. మన పిల్లలు మొదట అడుగుపెట్టే చిన్న చిన్న బార్న్‌లలో చాలావాటికి ఏ సమాఖ్యతోనూ సంబంధం ఉండదు. మసాచుసెట్స్‌లో స్వారీ నేర్పేవాళ్ళకు లైసెన్సు కావాలి, చాలా రాష్ట్రాల్లో అదీ అక్కర్లేదు. గుర్రం ఉండి, బోర్డు పెట్టుకుంటే చాలు. అక్కడ సేఫ్‌స్పోర్ట్ శిక్షణ తీసుకున్నారా, పాఠాలు చూడటానికి తల్లిదండ్రులు ఎప్పుడైనా రావచ్చా, అని అడగాల్సింది మనమే. ‘పిల్లలు మీరుంటే శ్రద్ధ పెట్టరండీ, కారులో కూర్చోండి’ అనే చోట మాత్రం కారు స్టార్ట్ చేసుకుని పిల్లతో సహా ఇంటికి రావడమే మేలు.

మన ఇళ్ళల్లో ఇంకో చిక్కుంది. గురువుకు ఎదురు చెప్పకూడదని పెంచుతాం, పెద్దవాళ్ళు ముద్దు చేస్తే ఊరుకోమంటాం, ఏదైనా జరిగితే నలుగురికీ తెలుస్తుందేమోనని ముందు తలుపులు మూసుకుంటాం. పిల్ల వచ్చి ‘సార్ నాకు మాత్రమే ఫోన్‌లో మెసేజ్ పెడతారు, అమ్మకు చెప్పొద్దన్నారు’ అంటే అది చిన్న విషయం కాదు. మొదట పొగడ్త, తర్వాత మంచి గుర్రం, తర్వాత ఇద్దరికే తెలిసిన రహస్యం. దారి ఎక్కువగా ఇలాగే వేస్తారు. అప్పుడు పిల్లను పదిసార్లు తిప్పి తిప్పి అడగకండి, ట్రైనర్‌కి ఫోన్ చేసి నిలదీయకండి. మెసేజ్‌లు చెరిపేయకుండా, పిల్ల అన్న మాటలు అన్నట్టే రాసుకుని పోలీసులకు చెప్పండి. మిగతా ప్రశ్నలు అడగడానికి శిక్షణ పొందినవాళ్ళున్నారు.

సెలవుల్లో పిల్లల్ని హైదరాబాద్ తాతయ్య ఇంటికి పంపి, అక్కడ స్వారీ క్లాసులో చేర్పించేవాళ్ళు మరో సంగతి గుర్తుంచుకోవాలి. అక్కడి 2012 పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్ళ లోపు పిల్లల మీద నేరం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పాలి. దాచిపెడితే ఆరు నెలల దాకా జైలు, సంస్థ నడిపేవాళ్ళైతే ఏడాది దాకా. పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098. ‘ఇంట్లో మాట్లాడుకుందాం’ అని మేనమామ సర్దిచెప్పబోతే, ఆయనకు కూడా ఈ చట్టం వర్తిస్తుందని చెప్పండి.