బొగ్గంతా ఫిల్టరు బొగ్గు కాదు!

మీ ఇంట్లో వాటర్ ఫిల్టరు ఉందా? అందులో నల్లటి గింజలున్న గొట్టం ఒకటి ఉంటుంది, చూశారా? ఆ గింజలే యాక్టివేటెడ్ కార్బన్. ఎక్కువగా కొబ్బరి చిప్పలతో తయారు చేస్తారు. మొక్కజొన్న బెండ్లతో, పత్తి కట్టెతో కూడా చేయొచ్చని తెలిసి ప్రాణం ఉసూరుమంది. మాది మొయినాబాద్, పుట్టిల్లు చేవెళ్ల దగ్గర. పత్తి ఏరడం అయిపోతే కట్టెంతా చేలోనే తగలబెడతారు. ఆ వారం రోజులూ మా అమ్మకి దగ్గే దగ్గు.

సరే, నేనూ చూద్దామని బెండ్లు కాల్చి, బొగ్గు దంచి, బట్టలో మూటగట్టి నల్లా నీళ్లు వడబోశాను. నీళ్లు నల్లబడ్డాయి గానీ క్లోరిన్ వాసన పోలేదు! డిగ్రీలో కెమిస్ట్రీ చదివే మా అమ్మాయి పడీ పడీ నవ్వింది.

తేడా అంతా రంధ్రాల్లో ఉందండీ. మామూలు బొగ్గులో సందులు తారు పట్టి మూసుకుపోతాయి. అందుకని ఎండిన బెండ్లను నలగ్గొట్టి ఫాస్ఫారిక్ యాసిడ్‌లో నానబెడతారు. తర్వాత గాలి తగలకుండా 400 నుంచి 500 డిగ్రీల వేడిలో కాలుస్తారు. లోపల దూరిన యాసిడ్ బెండును ముడుచుకుపోనివ్వదు, తారు పట్టనివ్వదు. ఆఖర్న బాగా కడిగేస్తే యాసిడ్ ఉన్న చోటల్లా ఖాళీ! స్పాంజి దోసెలో కన్నాల్లాగే, కాకపోతే ఇవి కంటికి కనపడవు. ఒక్క గ్రాములోని ఆ లోపలి గోడలన్నీ పరిస్తే వెయ్యి చదరపు మీటర్లు, అంటే దాదాపు పావెకరం. వాసన, రంగు ఆ గోడలకే అతుక్కుంటాయి.

ఇది చదివి ఇంట్లో మాత్రం మొదలుపెట్టకండి. కాగిన యాసిడ్ చిందితే కళ్లు పోతాయి. పైగా ఆ కడిగిన నీళ్లు ఎక్కడ పారబోస్తారు? మా వైపు వాగులన్నీ గండిపేట, హిమాయత్‌సాగర్‌లలోకే కదా! ఆ చెరువుల కోసమే 1996లో 111 జీవో తెచ్చి, చుట్టూ 10 కిలోమీటర్ల లోపు కాలుష్యం చేసే పరిశ్రమలు వద్దన్నారు. 2022లో ఆ జీవో మారినా చెరువులు అవే. యాసిడ్‌ను తిరిగి పట్టుకునే ఏర్పాటున్న ఫ్యాక్టరీ పని ఇది, పెరట్లో పని కాదు.

ఇంకో మాట. ఈ గింజలు క్రిముల్ని చంపవు, ఉప్పునీ ఫ్లోరైడునీ తీయవు. బోరు నీళ్లు తాగేవాళ్లు పరీక్ష చేయించుకోవాల్సిందే. గొట్టం కూడా గడువుకి మార్చండి, పాతబడితే అందులోనే క్రిములు కాపురం పెడతాయి.

మా తమ్ముడు ఈసారి కట్టె తగలబెట్టలేదు. గట్టు మీద కుప్పేసి, కొనేవాళ్లెవరైనా ఉన్నారేమోనని వాకబు చేస్తున్నాడు.